తెలుగు ప్రాంతాల్లో ఇంటి అద్దె ఒప్పందం ముగింపు: చట్టచరిత్ర, పదవ్యవహారం

వ్యాససంగ్రహం

ఇల్లు అద్దెకిచ్చినవారికీ, అద్దెకున్నవారికీ మధ్య సంబంధం ఎప్పుడు, ఎవరి మాటతో, ఏ కారణంతో ముగుస్తుందనే ప్రశ్నకు తెలుగు ప్రాంతాల్లో వేర్వేరు కాలాల్లో వేర్వేరు సమాధానాలు వచ్చాయి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం గడువుకూ నోటీసుకూ ప్రాధాన్యమిచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధకాలం నుంచి 1960 వరకు వచ్చిన అద్దె నియంత్రణ చట్టాలు కారణానికి ప్రాధాన్యమిచ్చాయి. 1983 తరువాతి మినహాయింపులతో అనేక ఇళ్ళ విషయంలో వ్యవహారం మళ్ళీ గడువు వైపు మళ్ళింది. ఈ మార్పులను కాలక్రమంలో పరిశీలించి, అవి తెలుగు పదవ్యవహారంలో ఎలా ప్రతిఫలించాయో, ఎక్కడ ప్రతిఫలించలేదో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: అద్దె, బాడుగ, కిరాయి, కౌలు, నోటీసు, ఖాళీ చేయించడం, అద్దె నియంత్రణ.

1. ఉపోద్ఘాతం

తెలుగులో భూసంబంధాల పదజాలంపై పరిశోధకుల దృష్టి ఎక్కువగా వ్యవసాయ భూమి మీదే నిలిచింది. మాన్యం, అగ్రహారం, కౌలు, పాలు, శిస్తు వంటి మాటలకు శాసనాల్లోనూ కైఫీయతుల్లోనూ ఆధారాలు పుష్కలంగా ఉండడమే అందుకు కారణం. ఇంటి అద్దెకు అలాంటి చరిత్ర తక్కువ. పట్టణ జీవితం పెరిగిన కొద్దీ అది ప్రధాన వ్యవహారమైంది గాని, దాని భాష పరిశోధనకు అంతగా ఎక్కలేదు.

అద్దె సంబంధంలో ప్రవేశం కన్నా నిష్క్రమణ దగ్గరే చట్టం ఎక్కువగా మాట్లాడుతుంది. ఇంట్లో దిగేటప్పుడు మాట చాలు. దిగేటప్పుడు చాలిన ఆ మాట, వెళ్ళేటప్పుడు మాత్రం చాలదు. కాబట్టి అద్దె చట్టాల స్వభావం తెలియాలంటే అవి ముగింపును ఎలా నిర్వచించాయో చూడాలి. నివాసగృహాలకే పరిమితమైన ఈ పరిశీలనలో దుకాణాలు, వ్యవసాయ భూములు పోలిక అవసరమైనంత మేరకే వస్తాయి.

2. ప్రాచీన ధర్మార్థశాస్త్రాల్లో నిష్క్రమణ నియమాలు

ఇంటి అద్దె ముగింపును గురించిన నియమాలు బ్రిటిషు చట్టాలతోనే మొదలయ్యాయనుకోవడం సరికాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం మూడవ అధికరణంలోని వాస్తుక ప్రకరణం అద్దెను 'అవక్రయం' అంటుంది. అక్కడ మూడు నియమాలు కనిపిస్తాయి. యజమాని వద్దన్న తరువాత కూడా ఇంట్లో ఉండేవానికి పన్నెండు పణాల దండన. అద్దె ఇచ్చినవానిని వెళ్ళగొట్టిన యజమానికీ అదే దండన. అయితే పారుష్యం, దొంగతనం, సాహసం, సంగ్రహణం, మిథ్యాభోగం అనే సందర్భాల్లో యజమానికి ఆ దండన వర్తించదు. తనంతట తాను వెళ్ళిపోయేవాడు సంవత్సరపు అద్దెలో మిగిలిన భాగం చెల్లించాలి.

ఈ నియమాల్లో గమనించదగినది సమతూకం. గీత దాటితే ఇద్దరికీ దండన ఒక్కటే. కారణం చూపగలిగితే యజమానికి మినహాయింపు. గడువుకు ముందే వెళితే అద్దెకున్నవానికి బాధ్యత. తరువాతి చట్టాలన్నీ ఏదో ఒక రూపంలో ఈ మూడు అంశాల చుట్టూనే తిరిగాయి. ఇది ప్రభావం కాదు, పోలిక మాత్రమే. ఇరవయ్యో శతాబ్దపు చట్టకర్తలు అర్థశాస్త్రాన్ని ఆధారం చేసుకున్నారనడం లేదు.

నారదస్మృతిలో మరొక ఆసక్తికరమైన నియమం ఉంది. పరుల స్థలంలో ఇల్లు కట్టుకొని అద్దె చెల్లిస్తూ నివసించినవాడు వెళ్ళేటప్పుడు తన గడ్డి, కర్ర, ఇటుకలు తీసుకొని వెళ్ళవచ్చు. అద్దె ఇవ్వకుండా ఉన్నవానికి ఆ హక్కు లేదు. ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ కూడా, ఇంటికి తాను బిగించుకున్న వస్తువులను స్వాధీనంలో ఉండగా అద్దెదారు తీసుకొనిపోవచ్చునంటుంది. ఇల్లు తీసుకున్ననాటి స్థితిలో దానిని మిగల్చాలన్నది షరతు.

తెలుగులో న్యాయగ్రంథ రచనకు పదమూడవ శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరీయంతో నాంది పడింది. వ్యవహారకాండను తెలుగు పద్యంలో చెప్పగల శక్తి అప్పటికే భాషకు ఉంది. అయినా ఆధునిక కాలంలో అద్దె వ్యవహారపు పదాలు ఆ సంప్రదాయం నుంచి రాలేదు. కచేరీల నుంచీ, అంగడి వీధుల నుంచీ వచ్చాయి.

3. అద్దె, బాడుగ, కిరాయి, కౌలు

ఒకే వ్యవహారానికి తెలుగు నేలలో మూడు పేర్లున్నాయి. కోస్తా ప్రాంతంలో 'అద్దె', రాయలసీమలో 'బాడుగ', తెలంగాణలో 'కిరాయి' ప్రధాన వ్యవహారాలు. బాడుగకు కన్నడ 'బాడిగె'తో చుట్టరికం ఉంది. కిరాయి అరబీ మూలం నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. 'కౌలు' కూడా అరబీ మూలమే, దాని మొదటి అర్థం 'మాట'. ఇచ్చిన మాట క్రమంగా మాట ఇచ్చిన పత్రమై, చివరకు ఆ పత్రం కింద సాగుచేసే భూమి సంబంధమైంది. 'ఖాళీ', 'కరారు', 'దఖలు', 'జప్తు' మాటలూ ఆ దారినే వచ్చాయి.

ఈ పదాల అర్థవ్యాప్తి గమనార్హం. ఆస్తి బదిలీ చట్టం పొలానికీ ఇంటికీ ఒకే భావనను వాడుతుంది. తెలుగు వ్యవహారం మాత్రం పొలానికి కౌలు, ఇంటికి అద్దె, దుకాణానికీ గనికీ లీజు అని విడదీస్తుంది. పైగా 'అద్దె' నెలనెలా చెల్లించే సొమ్ముకూ, ఆ సొమ్ము మీద నిలిచిన సంబంధానికీ ఒకే పేరు. 'అద్దె కట్టారు' అన్నప్పుడు అది సొమ్ము. 'అద్దెకున్నారు' అన్నప్పుడు అది సంబంధం. కౌలుకు గడువు తీరుతుంది. 'అద్దె ముగిసింది' అని మాత్రం తెలుగువారు సాధారణంగా అనరు, 'ఇల్లు ఖాళీ అయింది' అంటారు. అంటే వ్యవహారంలో ముగిసేది ఒప్పందం కాదు, ఖాళీ అయ్యేది ఇల్లు. చట్టం ఈ రెండింటినీ వేరుచేస్తుంది. ఒప్పందం ముగిసినా ఇల్లు ఖాళీ కాకపోవచ్చు. ఇల్లు ఖాళీ అయినా ఒప్పందం ముగియకపోవచ్చు. వివాదాలు చాలావరకు ఈ రెండింటి మధ్య ఖాళీలోనే పుడతాయి.

'రాజీనామా' కూడా ఇక్కడ స్మరించదగిన మాట. పశ్చిమ భారతపు రైత్వారీ పరిపాలనలో రైతు తన భూమిని వదులుకొంటూ ప్రభుత్వానికి రాసి ఇచ్చే పత్రం రాజీనామా. నేటి తెలుగులో అది ఉద్యోగం లేదా పదవి వదులుకోవడానికి పరిమితమైంది. ఇల్లు వదిలేవారు రాజీనామా ఇవ్వరు, తాళాలు ఇస్తారు. చట్టదృష్టిలో ఆ తాళాల అప్పగింతే ఒక ముగింపు విధానం.

4. గడువు, నోటీసు: 1882 చట్టం

ఆస్తి బదిలీ చట్టం 1882 జులై 1న అమల్లోకి వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాలు మొదటినుంచీ దాని పరిధిలో ఉన్నాయి. ఒప్పందం ముగిసే ఎనిమిది మార్గాలను 111వ సెక్షన్ చెబుతుంది: నిర్ణీత కాలం తీరడం, ముందే అనుకున్న సంఘటన జరగడం, ఇచ్చినవారి హక్కే అంతరించడం, ఇద్దరి హక్కులూ ఒకే వ్యక్తికి చేరడం, స్పష్టంగా అప్పగించడం, ప్రవర్తన ద్వారా అప్పగించినట్టు తేలడం, షరతు ఉల్లంఘన వంటి కారణాలతో హక్కు కోల్పోవడం, నోటీసు గడువు ముగియడం.

వీటిలో నిత్యజీవితంలో ఎక్కువగా కనిపించేది చివరిది. భిన్నమైన ఒప్పందం గాని, స్థానికాచారం గాని లేనప్పుడు నివాసగృహం నెలవారీ అద్దెగా పరిగణింపబడుతుందనీ, పదిహేను రోజుల నోటీసుతో ఏ పక్షమైనా దానిని ముగించవచ్చుననీ 106వ సెక్షన్ చెప్పింది. వ్యవసాయానికీ వస్తూత్పత్తికీ ఇచ్చిన ఆస్తికి ఆరు నెలల నోటీసు కావాలి. 'ఏ పక్షమైనా' అన్నది కీలకం. యజమాని కారణం చెప్పనక్కరలేదు, అద్దెదారూ చెప్పనక్కరలేదు.

నోటీసు రూపం గురించి చట్టం పట్టుదలగా ఉంది. అది రాతలో ఉండాలి. ఇచ్చేవారు గాని వారి తరఫువారు గాని సంతకం చేయాలి. టపాలో పంపవచ్చు, చేతికి ఇవ్వవచ్చు, ఇంట్లోని కుటుంబసభ్యునికో పనివారికో అందించవచ్చు. అవేవీ కుదరకపోతే ఆ ఆస్తిలో అందరికీ కనిపించే చోట అంటించవచ్చు.

చిక్కంతా తేదీలో ఉండేది. నోటీసు గడువు అద్దె నెల చివరి రోజుతోనే ముగియాలని పాత సెక్షన్ నియమం. ఒకటో తేదీన మొదలైన అద్దెకు ఇరవయ్యో తేదీన నోటీసు అందించి నెలాఖరుకు ఖాళీ చేయమంటే పదిహేను రోజులు పూర్తికావు. పై నెల ఐదో తేదీకి ఖాళీ చేయమంటే రోజులు సరిపోయినా నెల మధ్యలో ముగుస్తుంది. రెండు విధాలా నోటీసు చెల్లదు. యజమాని హక్కు ఎంత బలమైనదైనా తేదీ తప్పితే దావా వీగిపోయేది. 2003లో వచ్చిన సవరణ 2002 డిసెంబరు 31 నుంచి అమల్లోకి వచ్చి, నెలాఖరు నియమాన్ని తొలగించింది. నోటీసులో చెప్పిన గడువు తక్కువగా ఉన్నంతమాత్రాన అది చెల్లకపోదనీ, దావా మాత్రం చట్టం విధించిన గడువు తీరిన తరువాతే వేసి ఉండాలనీ చెప్పింది.

ముగిసిన ఒప్పందం తిరిగి బతికే అవకాశమూ ఈ చట్టంలో ఉంది. గడువు తీరిన తరువాత యజమాని అద్దె పుచ్చుకున్నా, ఉండడానికి మరోవిధంగా సమ్మతించినా, 116వ సెక్షన్ ప్రకారం ఒప్పందం నెలవారీగా కొనసాగుతుంది. నోటీసు ఇచ్చిన తరువాత కూడా, ఒప్పందం కొనసాగుతున్నదనే ఉద్దేశం ప్రవర్తనలో వ్యక్తమైతే, ఎదుటివారి సమ్మతితో ఆ నోటీసు వదులుకున్నట్టే అవుతుందని 113వ సెక్షన్ అంటుంది. అందుకే వివాదం వచ్చాక ఒక్క అద్దె రశీదు మొత్తం వ్యవహారాన్ని తలకిందులు చేయగలదు.

5. కారణం ప్రధానమైన కాలం: 1941 నుంచి 1960 వరకు

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పట్టణాల్లో ఇళ్ళ కొరత తీవ్రమైంది. పదిహేను రోజుల నోటీసుతో ఎవరినైనా పంపించగల చట్టం ఆ పరిస్థితిలో యజమానికి అపరిమితమైన బలాన్నిచ్చింది. భారత రక్షణ నిబంధనల కింద మద్రాసు ప్రభుత్వం 1941లో ఇళ్ళ అద్దె నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. అది 1946లో చట్టమైంది. 1949లో మరొక చట్టం దాని స్థానంలోకి వచ్చింది. 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి సంక్రమించింది ఆ 1949 చట్టమే. హైదరాబాదు రాష్ట్రం 1954లో తన సొంత నియంత్రణ చట్టాన్ని చేసుకుంది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడేనాటికి ఒకే రాష్ట్రంలో రెండు అద్దె చట్టాలు నడుస్తున్నాయి. ఆ రెంటినీ తొలగించి వచ్చినది 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనాల కౌలు, అద్దె, ఖాళీ చేయించు నియంత్రణ చట్టం. అది హైదరాబాదు, సికింద్రాబాదు నగరాలకూ రాష్ట్రంలోని పురపాలక సంఘాలన్నిటికీ వర్తించింది. ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించని గ్రామాల్లో 1882 చట్టమే కొనసాగింది.

1960 చట్టం పదో సెక్షన్ ప్రశ్ననే మార్చింది. ఒప్పందం ముగిసిందా లేదా అన్నది ఇక ప్రధానం కాదు, ఖాళీ చేయించడానికి చట్టం ఒప్పుకునే కారణం ఉందా లేదా అన్నదే ప్రధానం. ఆ కారణాలు రెండు రకాలు. మొదటి రకం అద్దెదారు ప్రవర్తనకు సంబంధించినవి: గడువు తేదీ దాటిన పదిహేను రోజుల్లో, గడువు ఒప్పందమే లేకపోతే మరుసటి నెలాఖరుకు, అద్దె చెల్లించకపోవడం, అనుమతి లేకుండా మరొకరికి అద్దెకివ్వడం, ఇచ్చిన పనికి కాక వేరే పనికి వాడడం, భవనం విలువ తగ్గేలా పాడుచేయడం, ఇరుగుపొరుగువారికి ఉపద్రవంగా మారడం, వేరే ఇల్లు సంపాదించుకోవడం, సరైన కారణం లేకుండా వరుసగా నాలుగు నెలలు ఇంట్లో ఉండకపోవడం, సద్భావం లేకుండా యజమాని హక్కునే కాదనడం. రెండో రకం యజమాని అవసరానికి సంబంధించినవి: సొంత నివాసం, అదనపు వసతి, మరమ్మతు, పునర్నిర్మాణం.

ఈ కారణాలకు చట్టం కట్టిన కంచెలు కూడా గమనించాలి. అద్దె బకాయి బుద్ధిపూర్వకం కాదని తేలితే, పదిహేను రోజులకు మించని గడువిచ్చి, చెల్లించాక యజమాని దరఖాస్తును కొట్టివేయవచ్చు. సొంత నివాసానికని ఇల్లు తీసుకున్న యజమాని నెలలోగా అందులో దిగకపోయినా, దిగి ఆరు నెలల్లోపు సరైన కారణం లేకుండా వదిలివెళ్ళినా, పాత అద్దెదారు తిరిగి ఇల్లు కోరవచ్చు. యజమాని అద్దె పుచ్చుకోవడానికి నిరాకరించి బకాయి సృష్టించే ఎత్తుకు ఎనిమిదో సెక్షన్ జవాబు చెప్పింది. అద్దెదారు మొదట బ్యాంకు పేరు చెప్పమని రాతపూర్వకంగా అడగాలి. చెప్పకపోతే కమీషను మినహాయించుకొని మనియార్డరు చేయాలి. అదీ తిరిగివస్తే అధికారి వద్ద జమచేయాలి. తిరిగివచ్చిన మనియార్డరు కాగితం ఆ విధంగా ఒక కుటుంబం నివాసానికి రక్షణ పత్రమైంది.

రెండు చట్టాల మధ్య సంబంధాన్ని 1979లో ధనపాల్ చెట్టియార్ కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఆ కేసు తమిళనాడు నుంచి వచ్చినా తీర్పు అన్ని రాష్ట్రాల నియంత్రణ చట్టాలకూ అన్వయించింది. నియంత్రణ చట్టం కింద ఖాళీ చేయించడానికి 106వ సెక్షన్ నోటీసు ప్రత్యేకంగా అవసరం లేదన్నది దాని సారం. కారణమే ప్రధానమైన చోట, ఒప్పందాన్ని ముందు లాంఛనంగా ముగించడం వల్ల ఒనగూడేది లేదు.

అయితే ఈ రక్షణ ఏకపక్షమైనది. అద్దెదారు వెళ్ళదలచుకుంటే కారణం అవసరం లేదు, యజమానికి మాత్రం కావాలి. 1882 చట్టంలోని ఉభయపక్ష సమానత్వం ఇక్కడ ఉద్దేశపూర్వకంగానే తప్పింది. ఇల్లు కోల్పోవడం, అద్దె కోల్పోవడం సమానమైన నష్టాలు కావన్న గుర్తింపు దీనికి ఆధారం. మరోవైపు, పాత అద్దెకే తరాలు గడిచిపోవడం, చిన్న యజమాని తన ఇంటికోసం ఏళ్ళతరబడి కచేరీల చుట్టూ తిరగడం కూడా ఈ చట్టం కాలంలోనే జరిగాయి. రెండు అనుభవాలూ చరిత్రలో భాగమే.

6. మినహాయింపులు, తిరిగి గడువు వైపు

కొత్త నిర్మాణాలను ప్రోత్సహించడానికి 1960 చట్టం 32వ సెక్షన్, 1957 ఆగస్టు 26 నుంచి కట్టిన భవనాలను నియంత్రణ నుంచి తప్పించింది. కొద్దికాలపు ప్రోత్సాహకంగా ఉద్దేశించినది పావు శతాబ్దం నిలిచింది. ఒకే వీధిలో 1956లో కట్టిన ఇంట్లో ఉన్నవారికి రక్షణ ఉండి, 1958లో కట్టిన ఇంట్లో ఉన్నవారికి లేని స్థితి ఏర్పడింది. ఒకప్పుడు సమంజసమైన వర్గీకరణ కాలం గడిచిన కొద్దీ అసమంజసం కావచ్చునంటూ 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టివేసింది. అదే సంవత్సరం డిసెంబరులో ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా, కట్టిన పదేళ్ళ వరకు భవనాలకూ, నెలకు 1,000 రూపాయలు మించిన అద్దె ఉన్న భవనాలకూ మినహాయింపు ఇచ్చింది. 2005 సవరణ దీనిని చట్టంలోనే చేర్చి, పదిహేనేళ్ళ వరకు కొత్త భవనాలనూ, నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు, ఇతర చోట్ల 2,000 రూపాయలు మించిన అద్దె భవనాలనూ తప్పించింది.

ఫలితంగా మినహాయింపు పొందిన ఇళ్ళకు మళ్ళీ 1882 చట్టం వర్తిస్తుంది. పదకొండు నెలల కరారు సర్వసాధారణమైంది. అందులో నెల రోజులో, రెండు నెలలో ముందస్తు నోటీసు అని రాసుకుంటే, చట్టంలోని పదిహేను రోజుల స్థానంలో అదే నిలుస్తుంది.

7. నోటీసు భాష

చట్టం ఇన్ని విధాల ముగింపులను వేరుచేస్తుండగా తెలుగు వ్యవహారం వాటిని పూర్తిగా విస్మరించలేదు. 'ఇల్లు మారడం' అద్దెదారు ఇష్టాన్ని, 'ఖాళీ చేయడం' అతని క్రియను, 'ఖాళీ చేయించడం' ఎదుటివారి ప్రేరణను, 'వెళ్ళగొట్టడం' బలప్రయోగాన్ని తెలుపుతాయి. ప్రేరణార్థక ప్రత్యయం ఒక్కటే ఇక్కడ ఇష్టపూర్వక అప్పగింతనూ, కోర్టు ద్వారా తొలగింపునూ వేరుచేస్తుంది. 'వెళ్ళగొట్టడం' జరిగితే, హక్కు ఎవరిదన్న విచారణతో సంబంధం లేకుండా, 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం ఆరో సెక్షన్ కింద ఆరు నెలల్లోగా స్వాధీనం తిరిగి కోరవచ్చు. 1960 చట్టం వర్తించే చోట నీళ్ళు, విద్యుత్తు వంటి వసతులు ఆపడం కూడా నిషిద్ధం.

ఈ తేడా మరుగునపడేది నోటీసు పత్రాల్లో. 'ఈ నోటీసు అందిన పదిహేను రోజుల్లోగా ఖాళీ చేయవలెను' అనే తరహా వాక్యంలో విధ్యర్థక క్రియ ఆజ్ఞగా వినిపిస్తుంది. చదివినవారు పదహారో రోజున తమను సామానుతో సహా వీధిలో పెట్టవచ్చునని భయపడతారు. చట్టరీత్యా ఆ వాక్యం చేసే పని వేరు: అది ఒప్పందాన్ని ముగిస్తుంది, స్వాధీనాన్ని కాదు. స్వాధీనం మారడానికి అద్దెదారు సమ్మతి గాని, న్యాయస్థానపు ఉత్తర్వు గాని కావాలి. ఒప్పందం ముగింపుకూ ఇల్లు ఖాళీ కావడానికీ తెలుగు ఒకే మాట వాడడం వల్ల కలిగే నష్టం ఇక్కడ కేవలం భాషాపరమైనది కాదు. హక్కు తెలియని కుటుంబం ఉత్తర్వు లేకుండానే ఇల్లు వదిలివెళ్ళే ప్రమాదం ఇందులో ఉంది. 1966 అధికార భాషా చట్టం తెలుగును పాలనాభాషగా ప్రకటించిన తరువాత పరిపాలనా పదకోశాల కృషి జరిగింది గాని, ప్రైవేటు నోటీసులు, కరారుల భాష ఆ దృష్టికి దూరంగానే ఉండిపోయింది.

8. ముగింపు

ఇంటి అద్దె ముగింపు చరిత్రలో మూడు దశలు కనిపిస్తాయి: గడువు పాలించిన 1882 దశ, కారణం పాలించిన 1941–1960 దశ, మినహాయింపుల ద్వారా గడువు తిరిగి వచ్చిన 1983 తరువాతి దశ. ఇంటి అద్దె కొంతవరకు ఒప్పందం, కొంతవరకు నివాసం. ఒప్పందంగా చూసిన చట్టం ఇద్దరినీ సమానులనుకుంది. నివాసంగా చూసిన చట్టం బలహీనుని పక్షాన నిలిచింది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన మాదిరి అద్దె చట్టం రాతపూర్వక ఒప్పందాన్ని కేంద్రంగా చేసుకున్నది. రాష్ట్రాలు స్వీకరిస్తేనే అది చట్టమవుతుంది.

రాతపూర్వక ఒప్పందమే ఆధారమయ్యే కాలంలో ఆ రాత ఏ భాషలో, ఎంత స్పష్టంగా ఉంటుందన్నది న్యాయప్రశ్న కూడా అవుతుంది. 'ఒప్పందం రద్దు', 'స్వాధీనం అప్పగింత', 'ఉత్తర్వు ద్వారా తొలగింపు' అనే మూడింటికీ మూడు వేర్వేరు మాటలు స్థిరపడాలి. ఆ మాటలు కరారుల్లోకీ నోటీసుల్లోకీ చేరాలి. అద్దె, బాడుగ, కిరాయి అనే మూడు పేర్లను కలిపి మోయగల భాషకు ఇది అసాధ్యమైన పని కాదు. న్యాయపదజాలంపై తెలుగు శాఖల్లో జరగవలసిన పరిశోధనకు ఇది తగిన క్షేత్రం.